పాలకు అలిసే పిల్ల

మా తుంగతుర్తి దిక్కు పసిపిల్ల పాలు సరిగ్గా తాగకపోతే చెప్పే కారణాలకు కొదవ లేదు. దిష్టి తగిలింది. గాలి సోకింది. తల్లి పథ్యం చెయ్యలేదు, చల్లటి నీళ్లు తాగింది, వంకాయ తిన్నది. తల్లికి పాలు పడలేదు. పడ్డాయి కాని పలచగా ఉన్నాయి. పిల్లను ఎత్తుకోవడం చేతకాదు. తొలికాన్పు గదా, ఆమెకేం తెలుసు. మలికాన్పు గదా, అలక్ష్యం చేసింది. వీటన్నిటినీ వరసగా పెట్టి చూస్తే దిష్టి, గాలి తప్ప మిగిలినవన్నీ తల్లి ఒంటి మీదనో, తల్లి నడత మీదనో వచ్చి ఆగుతాయి. పిల్ల ఒంట్లోనే ఏదన్నా తేడా ఉందేమో అన్న అనుమానం చివరాఖరుకు గాని రాదు. కొందరు పిల్లలకు ఆ చివరాఖరు అనేది అందదు.

బయటివాళ్లకు తుంగతుర్తి అంటే మల్లు స్వరాజ్యం. 1978లో, 1983లో ఇక్కడి నుంచే ఆమె శాసనసభకు వెళ్లింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆమె లాంటి ఆడవాళ్ల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. అందులో ఆడవాళ్లు తుపాకుల గురించే కాదు, కాన్పుల గురించీ పోగొట్టుకున్న పిల్లల గురించీ కూడా మాట్లాడారు. ఆడవాళ్లు నోటితో చెప్పింది చరిత్రకు సాక్ష్యమవుతుందని ఆ పుస్తకం నిలబెట్టింది. అదే ఆడవాళ్లు ఆసుపత్రికి పోయి “నా పిల్ల పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతుంది డాక్టరు గారూ” అంటే అది వైద్యానికి సాక్ష్యం కావడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

నేను ప్రభుత్వ పాఠశాలల్లో చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడాదీ పదో తరగతికి గుండె బొమ్మ గీయాలి. నాలుగు గదులు, కవాటాలు, మంచి రక్తానికి ఎర్ర సుద్దముక్క, చెడ్డ రక్తానికి నీలం సుద్దముక్క. పిల్లలు చక్కగా నేర్చుకుని పరీక్షలో గీసేవాళ్లు. ఆ బొమ్మ ఎప్పుడూ పూర్తయిపోయిన గుండెదే. గోడలన్నీ సరిగ్గా మూసుకున్నది, గొట్టాలన్నీ సరైన చోట కలిసినది. గోడ మూసుకోని గుండె ఎట్లా ఉంటుందో, అది ఉన్న పిల్ల బయటికి ఎట్లా కనిపిస్తుందో మా పాఠంలో లేదు. పుట్టే ప్రతి 1000 మంది పిల్లల్లో సుమారు 8, 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందులో దాదాపు నాలుగో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స అవసరమయ్యేంత తీవ్రమైనది. ఇది అరుదైన జబ్బు కాదు. పెద్ద ఊరు అయితే ఏడాదికి ఒక్కరన్నా ఉంటారు.

మా చెల్లెకు రెండో కాన్పు 2008 నవంబరులో అయింది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో. మొదటిదీ ఆడపిల్లే, రెండోదీ ఆడపిల్లే. దవాఖాన బయట బెంచీ మీద కూర్చున్న మగవాళ్ల ముఖాలు ఎట్లా ఉన్నాయో చదివేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పిల్ల మాత్రం ముచ్చటగా ఉంది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది, బరువు 2 కిలోల 900 గ్రాములు, మూడో రోజుకు ఇంటికి పంపించారు. చెల్లె పిల్లతో తుంగతుర్తిలో మా తల్లిగారింటికే వచ్చింది. నేను సూర్యాపేటలో ఉద్యోగం, శనివారం సాయంత్రం అర్వపల్లి మీదుగా బస్సులో పోయి ఆదివారం ఉండి వచ్చేదాన్ని. ఇరవై ఒకటో దినం తొట్టెల వేసినప్పటికి కూడా పిల్ల బాగానే ఉంది.

తర్వాతి రెండు వారాల్లో మారింది. పాలకు ఏడుస్తుంది, రొమ్ము అందిస్తే ఆత్రంగా పట్టుకుంటుంది, నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది. రొప్పుతుంది. కళ్లు మూసుకుంటుంది. పావుగంటకు మళ్లీ లేచి ఏడుస్తుంది. రాత్రంతా ఇదే. చెల్లె కళ్లు లోపలికి పోయాయి. ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన పిల్ల బరువు చూసి, తల్లిని ఒక చూపు చూసి, “పాలు చాలట్లేదు, డబ్బా పాలు మొదలు పెట్టండి” అని జలుబు మందు రాసిచ్చాడు. పిల్ల చొక్కా విప్పించలేదు. ఇంటికి వచ్చాక చెల్లె నాతో అన్న మాట నాకింకా గుర్తుంది. “అక్కా, నాకు పాలు కారిపోయి జాకెట్ తడిసిపోతుంది. పాలు లేవని ఎట్ల అంటడు?” ఆయనకు ఆ తడిసిన జాకెట్ కనిపించలేదు. ఆ జాకెట్టే ఒక రిపోర్టు. పాలు ఉన్నాయి, పిల్లకు తాగే సత్తువ లేదు అని దాని మీద రాసే ఉంది.

సంక్రాంతి సెలవులకు నేను ఇంట్లో ఉన్నాను. మా వాడలో పసిపిల్లలకు నీళ్లు పోసే అవ్వ ఒకామె ఉండేది. వెనక కాన్పులు కూడా చేసింది. కాన్పులన్నీ ఆసుపత్రుల్లో అయ్యాక ఆమెకు ఈ స్నానాల పనే మిగిలింది. కాళ్లు చాపుకుని వాటి మీద పిల్లను బోర్లా పండబెట్టి వీపు మీద అరచేయి ఆనించి కాసేపు ఊరికే ఉండిపోయింది. తర్వాత అన్నది: “బిడ్డా, ఈ పిల్ల పాలకు అలుస్తుంది. ఆకలి లేక కాదు, ఆయాసమొచ్చి ఇడుస్తుంది. పాలు తాగేటప్పుడు నొసలు చూసినవా? చలికాలంల పసిపిల్లకు చెమటేంది?” మళ్లీ వెల్లకిలా తిప్పి డొక్కలు చూపించింది. పక్కటెముకల కింద చర్మం ఊపిరి ఊపిరికీ లోపలికి గుంజుకుంటోంది.

నా చేతి గడియారంలో సెకన్ల ముల్లు ఉంది. పిల్ల నిద్రపోయాక, ఏడుపేమీ లేనప్పుడు, పొట్ట ఎగిరిపడడం చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాను. 72. పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాను. 74. రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60 గాని, అంతకు మించి గాని రెండుసార్లు వస్తే అది వేగపు ఊపిరి. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించకూడదు, ఎందుకంటే పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా నడవదు, కాసేపు పరుగెత్తి కాసేపు ఆగుతుంది. ఇదంతా చాలా తేలికైన పని. గడియారం, ఓపిక ఉంటే చాలు. మరునాడు సూర్యాపేటలో ఇంకో పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన స్టెతస్కోపు తియ్యకముందే చెల్లెను అడిగాడు: “పాలు తాగుతూ మధ్యలో ఆగుతుందా అమ్మా? ఎంతసేపు పడుతుంది? చెమట పడుతుందా?” ఆ పిల్ల పుట్టిన రెండు నెలల్లో దాని తల్లిని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్నలు అవి. చెల్లె జవాబు చెప్పకుండా ఏడ్చేసింది. నేనే చెప్పాను. గుండె దగ్గర చప్పుడు తేడాగా ఉందని, హైదరాబాదు పోయి ఎకో తీయించమని రాసిచ్చాడు. కింది రెండు గదుల మధ్య గోడకు పెద్ద చిల్లు ఉందని అక్కడ తేలింది.

అప్పుడు మా ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. పుట్టినప్పుడు మంచిగనే ఉండె కదా, మరి నడుమ ఏమైంది? నడుమ ఉన్నది తల్లి కాబట్టి ఆ ప్రశ్న ఎవరి వైపు తిరిగి ఉందో తెలుస్తూనే ఉంది. నేను పాఠాల్లో ఎన్నడూ చెప్పని పాఠం అప్పుడు ఇంట్లో పళ్లెంలో పప్పుగింజలు పెట్టి చెప్పాల్సి వచ్చింది.

కడుపులో ఉన్నప్పుడు పిల్లకు ఊపిరితిత్తులతో పని లేదు. ప్రాణవాయువు తల్లి మావి నుంచి వస్తుంది. అందుకని రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా రెండు అడ్డదారులుంటాయి. ఒకటి పై గదుల మధ్య చిన్న కిటికీ, రెండోది గుండె నుంచి బయటికి పోయే రెండు పెద్ద రక్తనాళాల్నీ కలిపే చిన్న గొట్టం. పిల్ల పుట్టి మొదటి ఏడుపు ఏడవగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, ఈ దారులు మూతపడడం మొదలవుతుంది. ఆ గొట్టం మామూలుగా రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. ఇప్పుడు ఒక రకం జబ్బు పిల్లల్ని తలుచుకోండి. వాళ్ల గుండె నుంచి ఊపిరితిత్తులకో, ఒంటికో పోయే అసలు దారే సరిగ్గా లేదు, ఆ గొట్టం తెరిచి ఉండబట్టే బతుకుతున్నారు. ఆసుపత్రిలో ఉన్న మొదటి రెండు రోజులు ఎర్రగా, చక్కగా కనిపిస్తారు. డిశ్చార్జి కాగితం మీద అంతా బాగుందనే ఉంటుంది. ఇంటికి వచ్చిన తర్వాత గొట్టం మూతపడుతుంది. ఒక్క రోజులో పిల్ల నీలంగానో, బూడిద రంగుగానో మారి, కాళ్లు చల్లబడి, పాలు మానేస్తుంది. ఆసుపత్రికి చేరేవరకు గొట్టం మూసుకోకుండా ఆపే మందు ఉంది, కాని జబ్బు ఇదని ఎవరికన్నా తోస్తేనే కదా.

మా పిల్లది రెండో రకం. గోడకు చిల్లు పెద్దదే అయినా పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి, కాబట్టి రక్తం అటువైపు ఎక్కువ పోదు. నాలుగు నుంచి ఆరు వారాలకు అవి సడలుతాయి. అప్పుడు రక్తం చిల్లులోంచి వరదలా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండె రెట్టింపు పని చేస్తుంది. పిల్లకు పాలు తాగడమే పెద్ద కూలి పని. పెద్దవాళ్లం పొలంలో మూటలు మోసినప్పుడు ఎట్లా రొప్పి, చెమటలు కక్కుతామో అది పాలకు అట్లా అవుతుంది.

ఈ రెండు రకాల్లోనూ గమనించండి. జబ్బు పుట్టుకతోనే ఉంది. కాని అది బయటపడే ముహూర్తం మాత్రం పిల్ల దవాఖాన నుంచి తల్లి చేతుల్లోకి వచ్చాకనే. దవాఖానలో బాగుంది, తల్లి దగ్గరికి వచ్చాక చెడింది అని లోకం లెక్కగట్టడానికి ఈ జబ్బు కాలమే సాయం చేస్తుంది. తల్లిపాలు పడలేదనే తీర్పు అంత తేలిగ్గా ఎందుకు వస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. గొట్టాలూ, రక్తనాళాలూ తమ పద్ధతిలో మారుతుంటే ఒక ఆడమనిషి తన రొమ్ముల్ని తాను అనుమానించుకుంటూ కూర్చుంటుంది.

మరి ఏం చూడాలి? అవ్వ చూసినవే మొదట. పాలు తాగడానికి అరగంట దాటి పట్టడం, గుక్క గుక్కకూ ఆగడం, నుదుటి మీద చెమట, ఆకలి తీరకుండానే అలిసి నిద్రపోవడం. నిద్రలో కూడా వేగపు ఊపిరి, డొక్కలు ఎగరెయ్యడం. బరువు పెరగకపోవడం. మామూలు పిల్ల రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి వచ్చి, ఆ తర్వాత రోజుకు 20, 30 గ్రాములు పెరుగుతుంది. మాటిమాటికీ నెమ్ము చేయడం. తొడ మొదట్లో నాడి అందకపోవడం, చేతులు వెచ్చగా ఉండి పాదాలు మాత్రం చల్లగా ఉండడం. గుండెలో చప్పుడు వినపడిందంటే జబ్బేనని కాదు, ఏ లోపం లేని చప్పుళ్లు పసిపిల్లల్లో చాలా ఉంటాయి. చప్పుడు లేదంటే జబ్బు లేదనీ కాదు, చాలా తీవ్రమైన లోపాలు కొన్ని చప్పుడే చెయ్యవు.

నీలం రంగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదటి రోజుల్లో పసిపిల్లల అరచేతులు, అరికాళ్లు నీలంగా ఉంటే భయపడాల్సింది లేదు, చలికి అట్లా అవుతాయి. చూడాల్సింది నాలుక, చిగుళ్లు, పెదవుల లోపలి వైపు. పుస్తకాల్లో నీలంగా మారిన పిల్ల ఫోటో ఉంటుంది, ఆ పిల్ల ఎప్పుడూ తెల్లపిల్లే. మన చామనఛాయ, నల్లపిల్లల ఒంటి మీద ఆ నీలం కనిపించదు. మామూలుగా 95కు పైన ఉండాల్సిన ప్రాణవాయువు శాతం 85 దరిదాపులకు దిగితే గాని అలవాటున్న కళ్లకు కూడా తేలదు. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇంకా ఆలస్యం, ఎందుకంటే నీలం కనిపించాలంటే నీలంగా మారడానికి తగినంత రక్తం ఉండాలి కదా. “పిల్ల నలుపు గదా, అందుకే అట్ల కనబడుతుంది” అని ఎంతమంది పిల్లల నీలాన్ని మన ఇళ్లల్లో రంగు కింద కొట్టేశారో. ఆడపిల్ల అయితే ఆ నలుపు గురించిన బాధే ముందు మొదలవుతుంది, నాలుక ఎవరు చూస్తారు?

ఈ నీలం పిల్లల జబ్బును తేల్చిన చరిత్రలో ఆడవాళ్లున్నారు. వాళ్ల కథ తర్వాత చదివాను. కెనడాలో మాడ్ అబ్బాట్‌కు ఆడమనిషి అన్న కారణంగా మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వైద్యంలో సీటివ్వలేదు. ఆమె వేరేచోట చదివి, అదే మెక్‌గిల్‌లో సీసాల్లో నిలవ చేసిన గుండెల మ్యూజియం చూసుకునే పనిలో కుదిరింది. ఎవరూ పట్టించుకోని ఆ గుండెల్ని ఒక్కొక్కటీ చూసి, 1000 మంది రోగుల వివరాలతో 1936లో పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల అట్లాసు తెచ్చింది. హెలెన్ టాసిగ్‌ను హార్వర్డ్ తరగతిలో కూర్చోనిచ్చింది గాని డిగ్రీ ఇవ్వనన్నది. జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టరైన ఆమెకు నడివయసు రాకముందే చెవుడు వచ్చింది. గుండె డాక్టరుకు చెవుడు! ఆమె వేళ్లతో, అరచేతితో పిల్లల ఛాతీ మీద గుండెను ‘విన్నది’. పిల్ల వీపు మీద చెయ్యి ఆనించి ఊరుకున్న మా అవ్వను తలుచుకోకుండా నేను ఈ సంగతి చదవలేను. నీలం పిల్లల్లో కొందరు ఆ చిన్న గొట్టం తెరిచి ఉన్నంతకాలం బాగుండి, అది మూసుకోగానే దిగజారుతున్నారని టాసిగ్ గమనించింది. అయితే కొత్తగా ఒక గొట్టం కట్టొచ్చు కదా అన్నది ఆమె ఆలోచన. ఆపరేషన్‌ను 1944 నవంబరు 29న ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ చేశాడు. దాన్ని ప్రయోగశాలలో కుక్కల మీద చేసి నేర్చి, ఆ రోజు సర్జన్ వెనక నిలబడి కుట్టు కుట్టుకూ సలహా చెప్పింది వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్. చాలా కాలం ఆ ఆపరేషన్ పేరులో థామస్ లేడు. మన దేశపు మొదటి మహిళా గుండె డాక్టరు పద్మావతి ఈ టాసిగ్ దగ్గరే శిక్షణ పొందింది. 2020లో 103 ఏళ్ల వయసులో కరోనాతో పోయింది.

మళ్లీ మా ఇంటికి వస్తాను. మా పిల్లకు కొన్ని వారాలు మందులు వాడి, కొంచెం బరువు పెరిగాక ఆపరేషన్ చెయ్యాలన్నారు. డబ్బు మాకు అడ్డం కాలేదు. 2004 నుంచి అప్పటి రాష్ట్రంలో పిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వ సాయం మొదలైంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలై తర్వాత మా నల్లగొండ జిల్లాకూ వచ్చింది. తెల్లకార్డు ఉంది కాబట్టి సంతకాలూ ఫోటోలూ తప్ప పైసా పెట్టేది లేదు. అడ్డమొచ్చింది ఇంకోటి. చెల్లె అత్తగారింట్లో నాలుగు రోజులు పంచాయితీ నడిచింది. ఆడపిల్ల. ఛాతీ నడిమధ్య నిలువునా గాటు. రేపు పెండ్లి ఎట్లా? మా మరిది నోరు విప్పలేదు. వాళ్ల పెద్దనాన్న ఒకాయన, “దేవుడు ఇచ్చిండు, దేవుడు చూసుకుంటడు” అన్నాడు. మొదటి పిల్లకు జ్వరమొస్తే మాత్రం దేవుడికి వదల్లేదు, పేటకు తీసుకుపోయారు. ఇక్కడ ఆడపిల్ల అనే మాటతో పాటు రెండో ఆడపిల్ల అనే మాట కూడా లోపల ఉంది.

ఇది మా ఇంటి సంగతే అనుకునేదాన్ని. 2011లో ‘హార్ట్’ అనే వైద్య పత్రికలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. గుండె ఆపరేషన్ చేయించమని చెప్పిన 405 మంది పిల్లల ఇళ్లవాళ్లు ఏడాదిలో ఏం చేశారని చూశారు. మగపిల్లల్లో 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. ఆడపిల్లల్లో 44 శాతం మందికే. కారణాల్లో పెండ్లి గురించిన దిగులు ఒకటి. చిల్లు గుండె గోడకు ఒకటే ఉందనుకుంటాం.

పంచాయితీ తెగ్గొట్టింది చెల్లె వాళ్లత్త. పిల్ల పుట్టినప్పుడు మూతి ముడిచిన మనిషే. నేను ఆమెతో వాదించడానికి సిద్ధపడి పోయాను. “అత్తమ్మా, ఒక్క మాట వినుండ్రి” అని మొదలు పెట్టేసరికి ఆమె, “నువ్వు ఆగు బిడ్డా” అని తన కథ చెప్పింది. ఆమెకు మూడో కాన్పులో ఒక కొడుకు పుట్టి నలభై రోజులకు పోయాడట. “వాడు గూడ గిట్లనే పాలకు అలిసేటోడు. నా పాలు మంచియి కావన్నరు. ముప్పై ఏండ్లయింది, నా పాలే వాన్ని చంపినయనుకున్న.” తర్వాత లోపలికి పోయి కార్డు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. ఆ కొడుక్కి ఏ జబ్బుండెనో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాని ముప్పై ఏళ్లు ఒక మనిషి ఆ మాటను మోసింది. అత్తలంటే పితృస్వామ్యానికి కాపలా కుక్కలని మనం రాసుకుంటాం. ఆ రోజు తర్వాత నేను ఆ మాట రాయడానికి కొంచెం జంకుతున్నాను.

ఆపరేషన్ ఐదో నెలలో అయింది. పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. గాటు ఉంది, మెడ కింద నుంచి మొదలవుతుంది. డాక్టర్లు అన్ని ఆటలూ ఆడొచ్చన్నా కబడ్డీ ఆడనివ్వడానికి ఇంట్లో రెండేళ్లు పట్టింది. ఆడింది.

తల్లినెందుకు అంటారన్నది వదిలిపెట్టి జబ్బెందుకు వస్తుందని అడిగితే, చాలామందిలో కారణం ఫలానా అని చెప్పడానికి లేదు. కొన్ని మాత్రం తెలుసు. గర్భం మొదటి నెలల్లో రుబెల్లా అనే అమ్మవారు తల్లికి సోకితే రావొచ్చు. 2017లో మన రాష్ట్రంలో పిల్లలందరికీ వేసిన మీజిల్స్-రుబెల్లా టీకా అందుకే ముఖ్యం. ముందే ఉన్న మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోముల తేడాలు మరికొన్ని. మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తుంది. మేనరికం ఎవరు చేస్తారు? ఆస్తి బయటికి పోవద్దని పెద్దలు చేస్తారు. వంకాయ తిన్నందుకు తల్లిని తిట్టిన నోళ్లు ఆ పెద్దల్ని ఒక్క మాట అనగా నేను వినలేదు. గర్భం 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కాన్‌లో గుండె గదులు సరిగ్గా చూస్తే పెద్ద లోపాలు చాలావరకు తెలుస్తాయి. మన పట్నాల్లో స్కానింగ్ సెంటర్లకు కొదవ లేదు, 1994 చట్టం నిషేధించిన ప్రశ్న అడిగేవాళ్లకూ కొదవ లేదు. గుండె గదులు నాలుగూ ఉన్నాయా అని అడిగే కుటుంబం అరుదు.

ఇప్పుడు ఇంకో సాధనం ఉంది. పుట్టిన 24 గంటల తర్వాత పిల్ల కుడి చేతికీ, ఒక పాదానికీ ఆక్సీమీటరు పెట్టి చూడడం. రెండు చోట్లా 95 గాని ఆ పైన గాని ఉండి, రెంటి మధ్య తేడా 3కు మించకపోతే ఫరవాలేదు. ఏ చోటనైనా 90 కంటే తక్కువ ఉంటే వెంటనే చూపించాలి. నడుమ ఉంటే గంట ఆగి మళ్లీ చూడాలి. అమెరికా 2011లో దీన్ని అందరు పిల్లలకూ చెయ్యాల్సిన పరీక్షల్లో చేర్చింది. మన దగ్గర కేరళ 2017లో ‘హృద్యం’ పథకంతో పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లల్ని వెతికి ఆపరేషన్ దాకా నడిపించే పని మొదలు పెట్టింది. కరోనా తర్వాత ఆక్సీమీటరు మన ఇళ్లల్లోకీ వచ్చింది గాని ఆ వేలి క్లిప్పు పెద్దవాళ్లది, పసిపిల్ల పాదానికి వేరే రకం పట్టీ కావాలి. ఇంకో సంగతి కూడా మరిచిపోవద్దు. మా పిల్లకు రెండో రోజు ఈ పరీక్ష చేసి ఉన్నా నిక్షేపంగా పాసయ్యేది. గోడ చిల్లున్న పిల్లల్లో ప్రాణవాయువు తగ్గదు. వాళ్లను పట్టుకునే యంత్రం తల్లి కళ్లే.

తల్లి తర్వాత ఆ ఇంట్లోకి చొరవగా పోగలిగేది ఆశా కార్యకర్త. దవాఖానలో పుట్టిన పిల్లను చూడడానికి ఆమె 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వెళ్లాలి. ఊపిరి లెక్కపెట్టాలి, బరువు తూచాలి. 2011లో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు ఆరుసార్లు తిరిగి అన్నీ సరిగ్గా రాస్తే 250 రూపాయలన్నారు. ఆ నలభై రెండు రోజులే ఈ జబ్బు బయటపడే రోజులు కూడా. 2013లో పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఒక ముఖ్యమైన అంశం, పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని చూసే బృందాలున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. కాగితం మీద దారి మొత్తం ఉంది. దారి మొదట్లో నిలబడింది మాత్రం జీతం పేరుతో జీతం లేని ఒక ఆడమనిషి.

మా వాడ ఆశా నా దగ్గర చదువుకున్న పిల్లే. ఈ మధ్య ఊరికి పోయినప్పుడు ఆమె సంచిలోంచి కాగితాలు తీసి చూపించింది. “టీచర్, పాలు తాగుతుందా, తక్కువైందా అని రాయనీకి గడి ఉంది. తాగుకుంట తాగుకుంట అలుస్తుందా అని లేదు. నేను పక్కకు రాస్తున్న.” పక్కన పెన్సిలుతో రాసి ఉంది: పాలకు అలుస్తున్నడు, చెమట ఉంది, 68, మళ్ల 66. ఇరవై ఎనిమిదో రోజు పిల్లవాడు. తల్లికి పందొమ్మిదేళ్లు, తొలికాన్పు. ఏఎన్ఎం ఫోన్లో “పాలు సరిగ్గా పట్టమని చెప్పు” అన్నదట. ఈమె ఊరుకోకుండా తల్లి పాలు పడుతుండగా ఫోనుతో వీడియో తీసి పంపించింది. వచ్చే సోమవారం సూర్యాపేటకు తీసుకు రమ్మన్నారు. బండి కిరాయి ఎవరు పెట్టాలన్న దాని మీద ఆ ఇంట్లో మాటలు నడుస్తున్నాయి.